అర్జీకి జతపరచవలసిన నవ్వే బుద్ధుడు

సోమవారం ఉదయం పదిన్నరకు వీరంకిపేట పురపాలక కార్యాలయం కొప్పిశెట్టి అచ్చియ్యమ్మ నీళ్ల అర్జీని తిప్పి పంపింది. అర్జీకి జతపరచిన బుద్ధుడు నవ్వుతున్నాడు. అచ్చియ్యమ్మ నవ్వడం లేదు. తిరస్కరణకు కారణం అదేనని అర్జీ మీద ఎర్రసిరాతో రాసి ఇచ్చారు.

అచ్చియ్యమ్మకు మేదరవీధిలో ఇడ్లీ దుకాణం ఉంది. వీధిలో బావి వేసవి మొదట్లో ఎండిపోయింది. అప్పటినుంచి ఆమె రైలుగేటు అవతల బోరింగు నుంచి బిందెలతో నీళ్లు మోస్తోంది. ఇప్పుడు ఆ బోరింగులో తుప్పునీళ్లు వస్తున్నాయి. ఇడ్లీ ఎర్రగా ఉంటోందని గిరాకీ తగ్గింది. ఈ వారంలో నీళ్లు రాకపోతే దుకాణం ఖాళీ చేస్తానని ఆమె ఇంటి యజమానికి చెప్పేసింది.

మేదరవీధిలో గొట్టాలు వేసి చాలాకాలమైంది. కుళాయిలు బిగించారు. ప్రారంభోత్సవం కూడా జరిగింది. మిగిలిన పని ఒక్కటే, పురపాలక కార్యాలయం ఆవరణలో ఉన్న వాల్వు తిప్పడం. వాల్వు మీద కప్ప కూర్చుని ఉంది.

కప్ప అక్కడికి రావడానికి కారణం కమిషనరు హయగ్రీవరావు తీసుకున్న శిక్షణ. ప్రజాఫిర్యాదులను తగ్గించడం ఎలా అనే అంశం మీద ఒక పెద్ద హోటల్లో ఆ శిక్షణ జరిగింది. ఉపన్యాసాలు జరిగేటప్పుడు కమిషనరు ఎక్కువగా హోటలు లాబీలో కూర్చున్నారు. అక్కడ చేపలతొట్టె ఉంది. గాజుగిన్నెలో వెదురుమొక్క ఉంది. గుమ్మానికి గాలిగంటలు, గోడకు ఎర్రకుచ్చులు ఉన్నాయి. మధ్యలో నవ్వే బుద్ధుడు. ఆ లాబీలో ఆయన కూర్చున్నంతసేపూ ఒక్క మనిషి కూడా ఫిర్యాదు చేయలేదు.

తిరిగి వచ్చాక సిబ్బంది సమావేశంలో ఆయన అడిగారు.

"అక్కడా జనమే, ఇక్కడా జనమే. తేడా ఎక్కడుంది?"

"అక్కడ కుళాయి తిప్పితే నీళ్లొస్తాయండి" అన్నాడు ఒక జూనియర్ అసిస్టెంటు.

ఆ జూనియర్ అసిస్టెంటు ప్రస్తుతం చెత్తయార్డులో లారీలకు టోకెన్లు ఇస్తున్నాడు.

"వాళ్లకి బుద్ధుడున్నాడు. మనకి లేడు" అన్నారు కమిషనరు. సమావేశం ఏకగ్రీవంగా అంగీకరించింది.

బస్టాండు పక్కన గిఫ్టు దుకాణం నడిపే చింతా త్రిమూర్తులును కార్యాలయ అలంకరణ సలహాదారుగా నియమించారు. ఉత్తర్వులో ఆయన పేరు మాస్టర్ చిన్ తా అని ఉంది. అది టైపు తప్పు కాదని త్రిమూర్తులే ధ్రువీకరించారు. నియామకం రోజున ఆయన పట్టుబట్టతో కుట్టించిన చొక్కాలో వచ్చారు. చొక్కా వెనక డ్రాగను ఉంది.

"ఇది ఫెంగ్‌షుయ్ అనే శాస్త్రమండి. ఫెంగ్ అంటే గాలి. షుయ్ అంటే నీళ్లు. మన ఊళ్లో గాలి ఆల్రెడీ ఉంది. నీళ్లే లేవు. సగం పని అయిపోయినట్టేనండి, ఆయ్."

మిగతా సగం పని వారంలో మొదలైంది. ఫిర్యాదుల కౌంటరు దగ్గర గాలిగంటలు కట్టారు. పంకా వేస్తే అవి మోగుతాయి. మోగుతున్నప్పుడు అవతలివాళ్లు చెప్పేది వినపడదు. ఆ నెల ఫిర్యాదులు తగ్గాయి. కౌంటరు వెనక ఎనిమిది మూలల అద్దం పెట్టారు. అది ఎదురుగా వచ్చిన చెడును వచ్చినచోటికే తిప్పికొడుతుందని మాస్టరు వివరించారు. ఆ సూత్రాన్ని అనుసరించి, టపాలో వచ్చిన ఫిర్యాదులను పంపినవాళ్ల చిరునామాకే తిప్పి పంపడం మొదలుపెట్టారు. ఫిర్యాదులు ఇంకా తగ్గాయి.

చేపలతొట్టెకు నీళ్లు పక్క ఊరి నుంచి ట్యాంకరులో తెప్పించారు.

చివరికి కప్పబొమ్మ వచ్చింది. దానికి మూడు కాళ్లు. నోట్లో ఇత్తడి నాణెం. దాని మొహం ఎటు ఉంటే సంపద అటు పోతుందని మాస్టరు చెప్పారు. వాల్వు నుంచి నీళ్లు వీధిలోకి పోతాయి కాబట్టి అక్కడే సంపద కారిపోతోందని కూడా చెప్పారు. కప్పను వాల్వు మీద ఆఫీసు వైపు మొహం పెట్టి కూర్చోబెట్టి ఎర్రదారంతో కట్టారు.

"మరి వాల్వు తిప్పాలంటే?" అని ఇంజనీరు అడిగాడు.

"కప్పని కదపాలండి."

"కదపొచ్చా?"

"ఆఫీసులో నవ్వే బుద్ధుడుంటే కదపొచ్చండి. ఆయన లేకుండా కదిపితే కుర్చీలు కదులుతాయి."

ఇంజనీరు తన కుర్చీ వైపు చూసి, వాల్వు తిప్పే రెంచిని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

కాబట్టి బుద్ధుడు కావాలి. ఇక్కడ రెండు అడ్డంకులు వచ్చాయి. చైనా సరుకు కొనరాదని పై నుంచి ఉత్తర్వు ఉంది. దీనికి పరిష్కారం తేలికగానే దొరికింది. ఊరి చివర వినాయకుడి బొమ్మలు చేసేవాళ్లకు చవితి దగ్గరపడేవరకు పని లేదు. వాళ్లకు త్రిమూర్తులు ఫొటో చూపించారు.

"బొజ్జ ఎలాగూ ఉందండి" అన్నాడు మేస్త్రి. "తొండం తీసేసి నోరు పెడితే సరిపోద్ది."

అలా తయారైన బుద్ధుళ్ల చెవులు పెద్దవి. కుడిచేతిలో ఉండ్రాయి ఉంది. కొన్నింటి కాళ్ల దగ్గర ఎలుక కూడా ఉంది. వాటిని చైనా స్ఫూర్తితో దేశీయంగా తయారైన గృహాలంకరణ వస్తువులుగా వర్గీకరించారు.

రెండో అడ్డంకి పెద్దది. సిబ్బంది వ్యవహారాలు చూసే మేనేజరు దాన్ని కమిషనరు దృష్టికి తెచ్చాడు.

"నవ్వే బుద్ధుణ్ణి మనం కొనుక్కుంటే పనిచెయ్యడంటండి. ఎవరైనా ఇష్టంగా ఇవ్వాలంట."

"ఇప్పిద్దాం."

"ఇష్టంగా ఇచ్చింది మనం తీసుకుంటే లంచమండి. సస్పెండు చేస్తారు."

కమిషనరు కొంతసేపు గాలిగంటలు విన్నారు.

"అర్జీతోపాటు జనం ఏమిస్తున్నారు మనకి?"

"ఆధార్ నకలు, పన్ను రసీదు."

"అవి లంచమా?"

"ఎంతమాట. జతపరచిన పత్రాలండి."

"బుద్ధుడు కూడా పత్రమే" అన్నారు కమిషనరు.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఈ ప్రకటన వెలిసింది: "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఇకపై పురపాలక సంఘమునకు సమర్పించు ప్రతి అర్జీకి నవ్వే బుద్ధుడు ఒకటి జతపరచవలెను. సదరు బుద్ధుడు అర్జీదారుచే స్వచ్ఛందముగాను, సంతోషపూర్వకముగాను సమర్పింపబడినదై ఉండవలెను. సంతోషము లేని అర్జీలు బుద్ధునితో సహా తిప్పి పంపబడును."

సంతోషాన్ని ఎవరు పరిశీలించాలనే ప్రశ్న వచ్చింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు గుబ్బల ఏసుబాబును సంతోష పరిశీలకుడిగా మార్చారు. అంతకుముందు ఆయన మురుగుకాలవలను పరిశీలించేవారు. ఇప్పుడు కౌంటరు దగ్గర టార్చిలైటు పట్టుకుని కూర్చుని నోళ్లను పరిశీలిస్తున్నారు.

మొదటివారంలో ఒక్క అర్జీ కూడా నెగ్గలేదు. ఆఫీసు ఎదుట జిరాక్సు దుకాణం వాళ్లు చక్కిలిగింతలు పెట్టడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. చక్కిలిగింతల వల్ల కలిగిన నవ్వు చెల్లదని రెండో నోటీసు వచ్చింది.

అచ్చియ్యమ్మ గత బుధవారం బుద్ధుణ్ణి తీసుకుని వచ్చింది. ఆమె బుద్ధుడికి ఎలుక కూడా ఉంది.

"ఇది అసలా, నకలా?" అని కౌంటరులో గుమాస్తా అడిగాడు.

"బొమ్మండి."

"బొమ్మంటే నకలే కదా. నకలు మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలి. తీసుకురామ్మా."

వీరంకిపేటలో అందుబాటులో ఉండే గెజిటెడ్ ఆఫీసరు పశువుల డాక్టరు. అచ్చియ్యమ్మ వెళ్లేసరికి ఆయన ఒక గేదెకు సూదిమందు ఇస్తున్నారు. గేదె తరవాత బుద్ధుణ్ణి బల్ల మీద పెట్టించారు.

"అసలుతో సరిచూడడమైనది అని రాయాలి. అసలు ఏదమ్మా?"

"చైనాలో ఉన్నాడంటండి."

"నువ్వు చూశావా?"

"నేనేడ చూత్తానండి బాబూ."

"నేనూ చూడలేదు. ఇద్దరం ఒకే మాట చెబుతున్నాం కాబట్టి సరిపోయినట్టే."

ఆయన బుద్ధుడి బొజ్జ మీద, బొడ్డు చుట్టూ ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, పశువైద్యశాల ముద్ర వేశారు.

సోమవారం పొద్దున్న అర్జీ సంతోష పరిశీలనకు వచ్చింది. ఏసుబాబు టార్చి వేశారు.

"నవ్వమ్మా."

"నవ్వుతూనే ఉన్నానండి."

"అది నోరు తెరవడం. నవ్వు కాదు. రెండు వరసలూ కనపడాలి. కళ్లు చిన్నవవ్వాలి."

"నీళ్లొత్తే నవ్వుతానండి."

"నవ్వితే నీళ్లొస్తాయమ్మా. అది రూలు."

"ముందు మీరు నీళ్లొదలండి. తరవాత మీరు ఆపమన్నా ఆపను. ఈదంతా వినపడేలా నవ్వుతాను."

"అలా కుదరదు. ముందు నవ్వు, తరవాత నీళ్లు."

"దేనికి నవ్వాలండీ? నా నడుం చూడండి, విల్లులా వంగిపోయింది. ఇడ్లీలు చూసి, ఇయ్యేంటి అచ్చియ్యమ్మా, ఇటికెలా అంటున్నారు. దానికి నవ్వనా?"

వెనక నిలబడి వింటున్న కమిషనరు ముందుకు వచ్చారు. "ఏసుబాబూ, ఒక జోకు చెప్పి చూడవయ్యా."

"జోకుకి నవ్వితే స్వచ్ఛందం కాదండి. ప్రేరేపితం అవుతుంది. ఆడిట్లో పట్టేస్తారు."

పదిన్నరకు అర్జీ తిరస్కరించారు. అచ్చియ్యమ్మ బుద్ధుణ్ణి చంకనెత్తుకుంది. అదే సమయంలో ఎవరో పంకా ఎక్కువ చేయడంతో గాలిగంటలు పక్కకు ఊగాయి. వాటి వెనక గోడకు ఒక బోర్డు ఉంది. లంచం అడిగితే ఈ నంబరుకు ఫోను చేయండి అని దాని మీద ఉంది. నంబరు కూడా ఉంది. అచ్చియ్యమ్మ మెట్లు దిగి ఫోను చేసింది.

లంచాల పట్టివేత దళం మధ్యాహ్నానికి మేదరవీధికి మామూలు దుస్తుల్లో వచ్చింది. దళాధికారి పేరు వీరభద్రం. ఆయన ముందు ఇడ్లీ తిన్నారు. తరవాత రంగు గురించి అడిగారు. తరవాత విచారణ మొదలుపెట్టారు.

"ఎంత అడిగారు?"

"డబ్బు అడగలేదండి. ఈ బొమ్మని అడిగారు."

"ఇచ్చారా?"

"ఇత్తే తీసుకోలేదండి."

"అధికారులు లంచం తీసుకోవడం లేదని మీ ఫిర్యాదా?"

"నవ్వుతా ఇమ్మంటున్నారండి. నాకు నవ్వు రావట్లేదు."

వీరభద్రం చట్టం పుస్తకం తెరిచి చూశారు. ఏడుస్తూ ఇచ్చిన లంచాలు, భయపడుతూ ఇచ్చినవి, బేరమాడి ఇచ్చినవి ఆయన సర్వీసులో ఉన్నాయి. ఇలాంటిది లేదు. మొదటి కేసు తనదే అవుతుందని ఆయన గ్రహించారు. కానిస్టేబులును పిలిచి పొడి డబ్బా తెమ్మన్నారు.

"మామూలుగా నోట్లకి పూస్తాం. ఇప్పుడు బొజ్జకి పూస్తున్నాం. ఈ పొడి పట్టినట్టు కనపడదు. ముట్టుకున్నవాడి చెయ్యి సోడాపొడి కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీరంగు అయిపోతాయి. నువ్వు మాత్రం చెవులు పట్టుకుని మొయ్యి."

"ఎవరు ముట్టుకున్నా అంతేనండీ?"

"ఎవరైనా."

"కమిషనరుగారైనా?"

"ఆయనైనా."

అచ్చియ్యమ్మ డబ్బాలోని పొడి వైపు చూసింది. హయగ్రీవరావు రెండు చేతులూ గులాబీరంగు గ్లాసుల్లో పెట్టుకుని నిలబడడం ఊహించుకున్నట్టు తరవాత వాంగ్మూలంలో చెప్పింది. అప్పుడు మొదలైన నవ్వు ఆగలేదు. మంచినీళ్లు తాగమన్నారు. లేవంది. అది చెప్పి మళ్లీ నవ్వింది.

మంగళవారం ఉదయం ఆమె నవ్వుతూనే పురపాలక కార్యాలయం మెట్లెక్కింది. దళంవాళ్లు అర్జీదారుల వేషంలో ఆమె వెనక వరసలో నిలబడ్డారు. వాళ్లతో సాక్షులుగా వేరే శాఖ నుంచి తెచ్చిన ఇద్దరు గుమాస్తాలు ఉన్నారు. బొమ్మ చేతులు మారగానే అచ్చియ్యమ్మ కొంగు భుజం మీద వేసుకోవాలి. అది గుర్తు.

"తగ్గించమ్మా. అనుమానం వస్తుంది" అని కానిస్టేబులు వెనకనుంచి గొణిగాడు.

"నావల్ల కావట్లేదు బాబూ" అంది అచ్చియ్యమ్మ.

ఏసుబాబు టార్చి వేశారు. రెండు వరసలూ కనపడ్డాయి. కళ్లు చిన్నవయ్యాయి. కళ్ల వెంట నీళ్లు కూడా వచ్చాయి. ఏసుబాబు చంకలు పరిశీలించమని ఒక ఉద్యోగినికి చెప్పారు. చక్కిలిగింతలు లేవు. ఆయన కుర్చీలోంచి లేచారు.

"అయ్యగారూ! అసలైన నవ్వండి! రావాలండి, త్వరగా రావాలండి!"

కమిషనరు వచ్చారు. మేనేజరు, ఇంజనీరు వచ్చారు. మాస్టర్ చిన్ తా బుద్ధుణ్ణి రెండు చేతులా అందుకుని బల్ల మీద పెట్టారు.

"ఇలాంటి బుద్ధుడి బొజ్జ వెంటనే నిమరాలండి. సంతోషం చల్లారకముందే. ఆలస్యం చేస్తే మామూలు బొమ్మే, ఆయ్."

కమిషనరు మూడుసార్లు నిమిరారు. మేనేజరు ప్రమోషను కోసం, ఇంజనీరు బదిలీ ఆగడం కోసం నిమిరారు. పన్నుల విభాగం, జననమరణాల విభాగం, పక్క గదిలో ఉన్న కౌన్సిలర్లు వచ్చారు. టీ ఇచ్చేవాడు గ్లాసులు కింద పెట్టి వచ్చాడు. పశువుల డాక్టరుకు కబురు వెళితే ఆయన కూడా వచ్చారు. అప్పటికి ఆయన సంతకం చెరిగిపోయింది. ఎలుకను కూడా నిమిరారు.

అచ్చియ్యమ్మ కొంగు వేసుకోలేదు. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. గుర్తు రాకపోవడంతో దళం కదలలేదు. వరస కదిలింది. వరసలో తన వంతు రాగానే మొదటి సాక్షి నిమిరాడు. రెండో సాక్షి నిమిరాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు నిమిరారు. వెనకవాళ్లు తొందరపెట్టడంతో వీరభద్రం కూడా నిమిరారు. గుంపులో కలిసిపోవడానికి అలా చేయవలసి వచ్చిందని ఆయన నివేదికలో రాశారు. మూడుసార్లు ఎందుకు నిమిరారో రాయలేదు.

తరవాత ఆయన గుర్తింపుకార్డు తీశారు. "ఎవరూ కదలొద్దు. అందరూ చేతులు పైకెత్తండి."

అందరూ ఎత్తారు. కానిస్టేబులు గాజుగ్లాసులు బల్ల మీద పేర్చి, ఒక్కొక్క దానిలో సోడాపొడి వేసి, ఆఫీసు కుళాయి తిప్పాడు. గాలి వచ్చింది. కుళాయిలో నీళ్లు లేవు. కూలరులో లేవు. చేపలతొట్టెలో నీళ్లు అప్పటికే ఆకుపచ్చగా ఉన్నాయి కాబట్టి సాక్ష్యానికి పనికిరావని తేల్చారు.

"నీళ్లు తెప్పించండి" అన్నారు వీరభద్రం. "చట్టప్రకారం అడుగుతున్నాను. కేసుకి కావాలి."

కమిషనరు చేతులు ఎత్తి ఉంచే జవాబు చెప్పారు. "నీళ్లకోసం ఎవరైనా అర్జీ పెట్టుకోవలసిందేనండి. ఆధార్ నకలు, పన్ను రసీదు, నవ్వే బుద్ధుడు ఒకటి."

"బుద్ధుడు ఇక్కడే ఉన్నాడు కదా."

"ఆయన ఆవిడ అర్జీకి జతపరచిన బుద్ధుడు. ఒక అర్జీ బుద్ధుడు ఇంకో అర్జీకి చెల్లడు. మీరు వేరే తెచ్చుకోవాలి. నవ్వుతూ ఇవ్వాలి."

"నేను ఇప్పుడు నవ్వే స్థితిలో లేను."

"అదే మా ఇబ్బంది కూడానండి" అన్నారు ఏసుబాబు.

అచ్చియ్యమ్మ నవ్వుతూనే ఉంది. మేనేజరు ఎత్తిన చేతుల్లో ఒకటి ఇంకొంచెం ఎత్తి మాట్లాడడానికి అనుమతి అడిగాడు.

"ఆవిడ అర్జీ సక్రమంగా ఉందండి. బుద్ధుడు వచ్చాడు. సంతోషం రుజువైంది. అది మంజూరు చేస్తే మేదరవీధికి నీళ్లొదలాలి. ఆ గొట్టం మన కుళాయి మీదుగానే పోతుంది."

కమిషనరు సంతకం చేయడానికి కుడిచేయి దించుతానని అడిగారు. వీరభద్రం అనుమతించారు. సంతకం అయ్యాక చెయ్యి మళ్లీ ఎత్తించారు. ఇంజనీరును ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య ఆవరణలోకి నడిపించారు. బుద్ధుడు వచ్చేశాడు కాబట్టి కప్పను తిప్పవచ్చని మాస్టర్ చిన్ తా కిటికీలోంచి చెప్పారు. ఎర్రదారం కోశారు. కప్పను వీధివైపు తిప్పారు. ఇంజనీరు రెంచి వేసి వాల్వు తిప్పాడు.

కుళాయి ముందు దగ్గింది. తరవాత నీళ్లు వచ్చాయి.

పరీక్ష మొదలైంది. కమిషనరు ముంచిన గ్లాసు గులాబీరంగుకు మారింది. మేనేజరుది మారింది. మాస్టరుది, ఇంజనీరుది, ఏసుబాబుది మారాయి. కౌన్సిలర్లవి పార్టీలతో సంబంధం లేకుండా మారాయి. పశువుల డాక్టరుది మారింది.

"ఇక సాక్షులు సంతకం చెయ్యండి" అన్నారు వీరభద్రం.

"సాక్షుల చేతులు కూడా ముంచాలి కదండీ" అన్నారు కమిషనరు. "రూలు."

ముంచారు. మారాయి. కానిస్టేబుళ్లవి మారాయి. అందరూ వీరభద్రం వైపు చూశారు. ఆయన ముంచారు.

"మీది మా అందరికన్నా చిక్కగా వచ్చిందండి" అన్నారు ఏసుబాబు.

రంగు మారనిది అచ్చియ్యమ్మ గ్లాసు ఒక్కటే. అయితే పంచనామాకు ఫిర్యాదీ సాక్షిగా పనికిరాదు. పై కార్యాలయానికి వీరభద్రం ఫోను చేశారు. నిందితులను, సాక్షులను, దర్యాప్తు అధికారులను వేరుచేయడానికి వీలు కావడం లేదని చెప్పారు. అవతలివాళ్లు మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పారు. రాజధాని నుంచి నిపుణుల బృందం వస్తుందని, ఎప్పుడు వచ్చేదీ తరవాత తెలియజేస్తామని, అంతవరకు సాక్ష్యాధారాలన్నింటినీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాలని జవాబు వచ్చింది. పరీక్షకు వాడిన నీళ్లు ఏ వాల్వు నుంచి వచ్చాయో ఆ వాల్వు కూడా సాక్ష్యాధారమేనని వాళ్లు స్పష్టం చేశారు.

బుద్ధుణ్ణి స్వాధీనం చేసుకుని గుడ్డసంచిలో పెట్టారు. సంచికి కట్టిన చీటీలో పరిస్థితి అనే గడి ఉంది. నవ్వుతున్నాడు అని రాశారు.

మధ్యాహ్నం మూడుగంటలకు వాల్వుకు గుడ్డ చుట్టి లక్కతో సీలు వేశారు. తెరిచి ఉన్నదాన్ని తెరిచి ఉన్నట్టే వేశారు. దాన్ని ముట్టుకున్నవాళ్ల మీద సాక్ష్యం చెరిపిన నేరం కింద కేసు పెడతామని కాగితం అంటించారు. కాపలాకు ఒక కానిస్టేబులును పెట్టారు.

మేదరవీధి కుళాయిల్లో నాలుగు గంటల వరకు తుప్పునీళ్లు, ఆ తరవాత తేటనీళ్లు వచ్చాయి. ఆరుగంటలకు అచ్చియ్యమ్మ మర్నాటి ఇడ్లీలకు మినప్పప్పు నానబోసింది.